తాగుడు మానడానికి ఏ మీటింగ్‌కి వెళ్లాలి?

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే మీటింగులు ఉంటాయి. నేను వెళ్లిన మొదటి మీటింగ్‌లో పావుగంట కూడా కూర్చోలేదు. తలుపు పక్క కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఒకాయన పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అన్నారు. మిగతావాళ్లంతా ఒక్క గొంతుతో ఆయన్ని పలకరించారు. నాకు చెమటలు పట్టాయి, మెల్లగా జారుకున్నాను. ఈ మీటింగులు మనకు పడవని తేల్చేసుకుని ఇంకో ఎనిమిది నెలలు తాగాను. తర్వాత తెలిసింది, అదే గదిలో, అదే సంస్థ పేరుతో, వేరే రోజు సాయంత్రం జరిగే మీటింగ్ తీరే వేరని. పదిమంది లోపే వస్తారు, ఇష్టమైతేనే మాట్లాడతారు. ఇప్పుడు నేను వెళ్లేది దానికే.

ఏ సంస్థ మంచిదని అడిగేవాళ్లకు నేను ఈ సంగతే ముందు చెబుతాను. సంస్థల మధ్య తేడాలు నిజమే, వాటి గురించి కింద వివరంగా రాస్తాను. కానీ ఒకే సంస్థలో రెండు గదుల మధ్య ఉండే తేడా ఒక్కోసారి అంతకన్నా పెద్దది.

## మీటింగ్ కన్నా ముందు డాక్టర్ ఎవరికి?

రోజూ బాగా తాగేవాళ్లు, పొద్దున్నే చేతులు వణికి ఒక గుక్క పడితే గానీ కుదుటపడనివాళ్లు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఉన్నట్టుండి ఆపేయకూడదు. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పినట్టవుతుంది, లేనివి కనిపిస్తాయి, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. దీన్ని డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇలాంటి వాళ్లు మొదట డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాత మీటింగ్‌కి వెళ్లాలి. కుర్చీలు గుండ్రంగా వేసి మాట్లాడుకుంటే ఫిట్స్ ఆగవు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మీకు కావలసిందేమిటి. పూర్తిగా మానేయడమా, తగ్గించుకోవడమా? దాదాపు అన్ని మీటింగులూ పూర్తిగా మానడం మీదే నడుస్తాయి. తగ్గిస్తే చాలనుకునే మనిషి అక్కడ కూర్చుంటే రోజూ అబద్ధమాడుతున్నట్టే ఉంటుంది. ఇంకా తేల్చుకోనివాళ్లు ఆ మాటే చెప్పగలిగే చోటు చూసుకోవాలి.

దేవుడి ప్రస్తావన. కొందరికి అదే ఊతం, కొందరికి గొంతులో ముల్లు. రెండింటిలోనూ తప్పు లేదు. కాకపోతే మీటింగ్‌కి పోకుండా ఉండటానికి ఇది చాలా గౌరవంగా కనిపించే సాకు కూడా. నేనూ వాడుకున్నాను.

మాట్లాడే పద్ధతి. కొన్నిచోట్ల ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటారంతే, సలహాలివ్వరు, మధ్యలో అందుకోరు. కొన్నిచోట్ల ఎదురు ప్రశ్నలు వేస్తారు, చర్చ సాగుతుంది. తమ మాట ఎవరూ అడ్డుకోకుండా వింటే చాలనుకునేవాళ్లకు మొదటిది బావుంటుంది. "విన్నారు సరే, ఇప్పుడు నేనేం చేయాలి?" అనే రకానికి రెండోది.

వేళ. దీన్ని చాలామంది చివర్న చూస్తారు. నన్నడిగితే మొదట చూడాల్సింది ఇదే. మీకు మనసు లాగే గంట ఏది? ఆఫీసు అయ్యాక ఆరున్నరా, ఇంట్లో అందరూ పడుకున్నాక పదిన్నరా, ఆదివారం మధ్యాహ్నమా? ఆ గంటకు జరిగే మీటింగ్ మామూలుగా ఉన్నా, తెల్లారుజామున జరిగే గొప్ప మీటింగ్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. కనీసం ఆ గంటసేపు మీరు బాటిల్ దగ్గర ఉండరు.

మీటింగ్ బయట తోడు. వారంలో మీటింగ్ గంటా గంటన్నర. మిగిలిన గంటల్లో ఎవరికి ఫోన్ చేస్తారు? కొన్ని సంస్థల్లో దీనికి ఏర్పాటే ఉంది, కొన్నిట్లో మీరే కుదుర్చుకోవాలి.

మందులు వాడేవాళ్లని ఎలా చూస్తారు. మందు మానడానికి మందులు వాడటమేంటని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ తాగుడు మానడానికి డాక్టర్లు రాసే మందులు. వీటికి తోడు డిప్రెషన్‌కో నిద్రకో మాత్రలు వేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ మాట చెప్పుకునే వీలు లేని గది మీకు పనికిరాదు.

## ఏఏ: ఎక్కడికెళ్లినా దొరికేది

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైంది. తాగుడు నుంచి బయటపడాలని కొట్టుకుంటున్న స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్, అదే అవస్థలో ఉన్న సర్జన్ బాబ్ స్మిత్‌ని కలుసుకోవడమే దాని పుట్టుక. ఒక తాగుబోతు బాధ ఇంకో తాగుబోతుకే అర్థమవుతుందన్నది దాని మూలం. అసలు సరుకు ఇప్పటికీ అదే. తాగుడు నుంచి బయటపడే దారిగా ఏఏ చెప్పే 12 మెట్లు 1939లో అచ్చయ్యాయి. చేరడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఫీజు లేదు. డబ్బా ఒకటి తిరుగుతుంది, వేస్తే వేస్తారు లేకపోతే లేదు. బయటివాళ్ల విరాళాలు తీసుకోరు.

దీని పెద్ద బలం సంఖ్య. చాలా దేశాల్లో, చాలా భాషల్లో, దాదాపు ఏ వేళకైనా మీటింగ్ దొరుకుతుంది. వేళ ముఖ్యమన్నాను కదా, ఆ లెక్కలో ఏఏని మించింది లేదు. రెండో బలం స్పాన్సర్. అంటే మీకన్నా ముందు మానేసి, మెట్లు దాటి వచ్చి, మీ ఫోన్ ఎత్తుతానని ఒప్పుకున్న మనిషి. అర్ధరాత్రి దుకాణం ముందు నిలబడి ఫోన్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. తాగుడు ముందు మనం శక్తిహీనులమని ఒప్పుకోవడం మొదటి మెట్టు. అక్కడే కొందరికి కాళ్లు ఆగిపోతాయి. మెట్లలో దేవుడు వస్తాడు. "మేము అర్థం చేసుకున్న రీతిలో" అన్న వెసులుబాటు ఉన్నా, కొన్ని గదుల్లో అది ప్రార్థనా సమావేశంలాగే వినిపిస్తుంది. దేవుడి ఊసు లేకుండా నడిచే ఏఏ మీటింగులు కూడా ఉన్నాయి. మీటింగుల లిస్టులో సెక్యులర్ అనో అగ్నాస్టిక్ అనో రాసి ఉంటుంది.

లిస్టు చదవడం వస్తే సగం పని అయినట్టే. ఓపెన్ అని ఉంటే ఎవరైనా రావచ్చు: భార్య, అన్న, చూసిపోదామనుకునేవాళ్లు. క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే. స్పీకర్ మీటింగ్‌లో ఒకరిద్దరు తమ కథ చెబుతారు, మీరు నోరు విప్పక్కర్లేదు. భయస్తులకి మొదటిసారి ఇదే మంచిది. డిస్కషన్ మీటింగ్‌లో ఒక విషయం తీసుకుని వరసగా మాట్లాడతారు. మీ వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. స్టెప్ మీటింగ్ ఒక్కో మెట్టు మీద సాగుతుంది, కొత్తవాళ్లకి కాస్త గందరగోళంగా ఉంటుంది. బిగినర్స్ అని ఉంటే నేరుగా దానికే వెళ్లండి.

ఒక గదిలో ఒక పెద్దాయన నా మాత్రల సంగతి విని, "అదీ వ్యసనమే, అవతల పారేయ్" అన్నారు. అది ఆ పెద్దాయన సొంత పాండిత్యం. సభ్యులు డాక్టర్ పాత్ర వేయకూడదని ఏఏ తన ప్రచురణల్లోనే స్పష్టంగా రాసుకుంది. అలాంటి సలహా వింటే మాత్రలు పారేయకండి. గది మార్చండి.

## స్మార్ట్ రికవరీ: పెన్నూ కాగితం ఇష్టమైనవాళ్లకి

1994లో మొదలైన ఈ పద్ధతిలో మెట్లు లేవు, స్పాన్సర్ లేడు, దేవుడి ప్రస్తావన లేదు. ఆలోచననీ అలవాటునీ మార్చుకోవడం నేర్పడానికి మానసిక వైద్యులు వాడే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ దీనికి పునాది. చేసే పని నాలుగు భాగాలు: మానాలన్న పట్టు నిలుపుకోవడం, మనసు లాగినప్పుడు తట్టుకోవడం, ఆలోచనల్నీ భావాల్నీ ప్రవర్తననీ సంభాళించుకోవడం, బతుకుని సమతూకంగా ఉంచుకోవడం.

మీటింగ్ కొంచెం క్లాసులా ఉంటుంది. శిక్షణ పొందిన ఒకరు నడుపుతారు. ఆయనకి తాగుడు అనుభవం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కాగితాన్ని నాలుగు గళ్లు చేసి తాగితే లాభం, తాగితే నష్టం, మానితే లాభం, మానితే నష్టం రాయమంటారు. "తాగితే లాభం" గడిలో నిజాయితీగా రాసిన రోజున నాకు విషయం అర్థమైంది. అక్కడ నేను రాసుకున్నది రెండే మాటలు: నిద్ర, ధైర్యం. ఆ రెండింటికీ వేరే దారి వెతుక్కోకుండా ఊరికే మానేస్తానంటే ఎలా కుదురుతుంది?

"నేను ఆల్కహాలిక్‌ని" అని చెప్పుకోనక్కర్లేదు. ఒకరి మాటకు ఇంకొకరు స్పందించవచ్చు. సిగరెట్, జూదం లాంటి వేరే వ్యసనాలున్నవాళ్లూ అదే గదిలో ఉంటారు. జీవితాంతం రావాలన్న ఊహ లేదు, పని అయిపోయిందనుకున్నాక వెళ్లిపోవచ్చు.

లోటు ఏమిటంటే, ఏఏతో పోలిస్తే మీటింగులు చాలా తక్కువ. మీకు దగ్గర్లో అసలు ఉండకపోవచ్చు, అప్పుడు ఆన్‌లైన్ మీద ఆధారపడాలి. స్పాన్సర్ లేకపోవడం కొందరికి హాయి, రాత్రి పదకొండుకి మాత్రం పెద్ద లోటు. ఇంకొకటి, తల మొద్దుబారి ఉండే మొదటి పది రోజుల్లో గళ్లు నింపడం అందరి వల్లా కాదు.

## మిగతావి

లైఫ్‌రింగ్ దేవుడి ప్రసక్తి లేనిది, పూర్తిగా మానడమే లక్ష్యం. మీటింగ్ "ఈ వారం ఎలా గడిచింది?" అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. గతం తవ్వుకోవడం తక్కువ, వచ్చే వారం గురించి మాట్లాడుకోవడం ఎక్కువ. నలుగురు స్నేహితులు కూర్చుని మాట్లాడుకున్నట్టుంటుంది. దొరకడమే కష్టం.

వుమెన్ ఫర్ సోబ్రైటీ ఆడవాళ్లకి మాత్రమే. జీన్ కర్క్‌పాట్రిక్ 1975లో మొదలుపెట్టారు. ఆమె వాదన నాకు నచ్చుతుంది. తాగే ఆడదాన్ని లోకం అప్పటికే సిగ్గుతో నేలకు తొక్కేసి ఉంటుంది, ఆమెను మళ్లీ "నేను శక్తిహీనురాలిని" అనమనడం దేనికి? అందుకే వీళ్ల 13 వాక్యాలు ఆత్మగౌరవం మీద నిలబడతాయి. మగవాళ్ల మధ్య కూర్చుని ఇంట్లో జరిగిన హింస గురించో, పిల్లల ముందు తాగి పడిపోయిన రోజు గురించో చెప్పలేనివాళ్లకి ఇది పెద్ద అండ. ఏఏలో కూడా ఆడవాళ్లకి మాత్రమే జరిగే మీటింగులు ఉన్నాయి, దగ్గర్లో ఏది ఉంటే అది చూడొచ్చు.

రికవరీ ధర్మ 2019లో మొదలైంది. బుద్ధుడు చెప్పిన నాలుగు సత్యాలు, ఎనిమిది అంగాల మార్గం ఆధారం. మీటింగ్‌లో కొంతసేపు ధ్యానం చేసి, తర్వాత మాట్లాడుకుంటారు. బౌద్ధులు కానక్కర్లేదు. కళ్లు మూసుకుంటే చాలు, చేసిన తప్పులన్నీ వరసగా కనిపించే దశలో ఉన్నవాళ్లు కొన్నాళ్లు ఆగి వెళ్లడం మేలేమో.

మోడరేషన్ మేనేజ్‌మెంట్ తగ్గించుకోవాలనుకునేవాళ్లకి. మొదట 30 రోజులు పూర్తిగా ఆపి, ఆ తర్వాత లెక్క పెట్టుకుని తాగమంటుంది. ఒంటికి అలవాటు పడిపోయి, మానితే వణుకు వచ్చేవాళ్లకి ఇది కాదు. 1994లో దీన్ని మొదలుపెట్టినావిడే 2000లో తనకు మితం కుదరడం లేదని చెప్పి, పూర్తిగా మానే దారి పట్టారు. దీన్ని బట్టి ఆ దారి ఎవరికీ పనికిరాదనలేం. కానీ ఆ 30 రోజులు గడవడమే గగనమైతే జవాబు మీకే తెలిసిపోతుంది.

అల్-అనాన్ తాగే మనిషికి కాదు, ఆ మనిషితో బతికేవాళ్లకి. 1951 నుంచి ఉంది. టీనేజ్ పిల్లల కోసం అలాటీన్ 1957లో వచ్చింది. "ఆయన్ని ఏ మీటింగ్‌కి పంపాలి?" అని వెతికే ఇల్లాలికి నేను చెప్పేదొకటే. ఆయన వెళ్లినా వెళ్లకపోయినా, మీరు దీనికి వెళ్లొచ్చు.

| మీటింగ్ | లక్ష్యం | దేవుడి ప్రస్తావన | మాట్లాడే తీరు | బయట తోడు |
|---|---|---|---|---|
| ఏఏ | పూర్తిగా మానడం | ఉంది, గదిని బట్టి ఎక్కువ తక్కువ | ఒకరు చెబితే మిగతావాళ్లు వినడం | స్పాన్సర్, ఫోన్ నంబర్లు |
| స్మార్ట్ రికవరీ | మానడం; తేల్చుకోనివాళ్లూ రావచ్చు | లేదు | చర్చ, రాతపని | ఏర్పాటు లేదు, మీరే చూసుకోవాలి |
| లైఫ్‌రింగ్ | పూర్తిగా మానడం | లేదు | మాటామంతీ | పరిచయాలను బట్టి |
| వుమెన్ ఫర్ సోబ్రైటీ | పూర్తిగా మానడం | మతంతో పని లేదు | చర్చ, ఆడవాళ్లే | పరిచయాలను బట్టి |
| రికవరీ ధర్మ | పూర్తిగా మానడం | దేవుడు లేడు, బౌద్ధం ఉంది | ధ్యానం, తర్వాత మాటలు | పరిచయాలను బట్టి |
| మోడరేషన్ మేనేజ్‌మెంట్ | తగ్గించడం | లేదు | చర్చ | పరిచయాలను బట్టి |

## "ఏది ఎక్కువ పనిచేస్తుంది?"

ఈ ప్రశ్నకు ఉన్నవాటిలో గట్టి జవాబు వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష. 27 అధ్యయనాలు, 10,565 మంది. మనిషిని ఏఏ వైపు నడిపించి, మెట్ల పద్ధతిలోకి ప్రవేశపెట్టే చికిత్స తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత చుక్క ముట్టకుండా ఉన్నవాళ్లు 42 శాతం. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటి ఇతర చికిత్సలు తీసుకున్నవాళ్లలో 35 శాతం. ఏఏ మీద మొదట్లో నమ్మకం లేని నాలాంటివాళ్లకి ఇది కాస్త మింగుడు పడని అంకె. అయితే అందులో చూసింది ముఖ్యంగా చికిత్సలనే, స్మార్ట్ గదినీ ఏఏ గదినీ పక్కపక్కన పెట్టి కాదు. 42 శాతమన్నా సగం కన్నా ఎక్కువమంది మళ్లీ తాగారనే కదా. ఒక దారి పనిచేయకపోతే అది మనిషి తప్పు కాదని చెప్పడానికి ఈ అంకె చాలు.

## గదిలోనా, ఫోన్‌లోనా?

2020 తర్వాత వీడియో మీటింగులు బాగా పెరిగాయి. కెమెరా ఆపేసి, పేరు మార్చుకుని, పక్క మీద నుంచే వినొచ్చు. తెలిసినవాళ్లు చూస్తారన్న భయం ఉన్నవాళ్లకి, కదలలేనివాళ్లకి, చంటిపిల్లలున్నవాళ్లకి, మాతృభాషలో మీటింగ్ దగ్గర్లో లేనివాళ్లకి ఇది మంచి దారి. ఒక్క మాట గుర్తుంచుకోండి: కెమెరా ఆపేసి గ్లాసు చేత్తో పట్టుకుని కూడా మీటింగ్ వినొచ్చు. గదిలో అయితే పక్క కుర్చీ మనిషికి వాసన తెలిసిపోతుంది. ఫోన్‌తో మొదలుపెట్టి, ధైర్యం వచ్చాక గదికి వెళ్లినవాళ్లు చాలామంది. నా ఓటు కూడా దానికే. ఆన్‌లైన్‌లోనే ఉండిపోయేవాళ్లు మాత్రం కనీసం ఒక్కరి నంబరైనా తీసుకోండి.

## నేనైతే ఎవరికి ఏది చెబుతాను

నిన్ననే ఆపేసి, చేయి పట్టుకునే మనిషి కావాలనుకునేవాళ్లకి ఏఏ, అందులోనూ బిగినర్స్ మీటింగ్. మొదట్లో వారానికి ఒక్కటి చాలదు. 90 రోజుల్లో 90 మీటింగులన్న పాత వాడుక ఒకటుంది. నియమమేమీ కాదు గానీ, మొదటి మూడు నెలలు ఎంత జారుడుగా ఉంటాయో అది చెబుతుంది.

దేవుడంటే పడనివాళ్లకి స్మార్ట్ లేదా లైఫ్‌రింగ్. అవి దొరక్కపోతే సెక్యులర్ ఏఏ. అదీ లేకపోతే మామూలు ఏఏకే వెళ్లి, ప్రార్థన అప్పుడు మౌనంగా కూర్చోండి. ఇంట్లో ఒంటరిగా నాస్తికుడిగా తాగడం కన్నా అది నయం.

పరువు గురించి హడలిపోయే ఉద్యోగస్తులకి, ముఖ్యంగా నలుగురికీ తెలిసిన వృత్తిలో ఉన్నవాళ్లకి, మొదట ఆన్‌లైన్, లేదా కాస్త దూరంగా జరిగే క్లోజ్డ్ మీటింగ్. అక్కడ తెలిసినవాళ్లు ఎదురైతే, వాళ్లూ అదే పని మీద వచ్చారని గుర్తు చేసుకోండి.

రెండూ కలిపి వెళ్లడం కుదరదా? బ్రహ్మాండంగా కుదురుతుంది. మంగళవారం స్మార్ట్‌లో గళ్లు నింపి, శుక్రవారం ఏఏలో స్పాన్సర్‌తో టీ తాగేవాళ్లు నాకు తెలుసు. ఏ సంస్థా దానికి అడ్డు చెప్పదు. అడ్డు చెప్పే మనిషి ఉంటే ఆ మనిషితోనే తేడా.

## తేల్చుకునే ముందు

ఒక్క మీటింగ్ చూసి కొట్టిపారేయకండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గదుల్లో ఐదారు చూడండి. పది నిమిషాలు ముందే వెళ్లి, అయ్యాక పది నిమిషాలు ఆగండి. మీటింగ్ అసలు స్వభావం ఆ ఇరవై నిమిషాల్లోనే తెలుస్తుంది. కొత్త మనిషిని ఎవరైనా పలకరించారా? నంబరు ఇచ్చారా? లేక పాత మిత్రులు గుంపుగా నవ్వుకుంటూ వెళ్లిపోయారా?

డబ్బు అడిగే గది, ఒంటరిగా ఉన్న కొత్తవాళ్ల చుట్టూ వేరే ఉద్దేశంతో తిరిగే మనుషులున్న గది, మీరు చెప్పింది బయట వినిపించే గది, ఇవి వదిలేయండి. వీటికి రెండో అవకాశం అక్కర్లేదు.

నేను చివరికి ఈ గదిలో ఎందుకు ఆగిపోయానో చెబుతాను. నాలుగో నెలలో ఒక పెళ్లికి వెళ్లి తాగేశాను. మర్నాడు మీటింగ్ ఉంది. అంతకుముందు చూసిన గదుల్లో అయితే మళ్లీ మొహం చూపించేవాడిని కాదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఇక్కడికి మాత్రం వెళ్లాను. తలుపు పక్క కుర్చీలో కూర్చుని, నా వంతు వచ్చినప్పుడు "నిన్న తాగాను, ఇవాళ మళ్లీ ఒకటో రోజు" అన్నాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత పక్కనున్న ఆవిడ కుర్చీ కొంచెం దగ్గరికి జరిపి, "టీ కావాలా?" అని అడిగింది.